బ్యాంకు గుమ్మంలో గుండీ

మా వదిన మిషన్ మీద కూర్చుంటే పక్కన పిడుగు పడ్డా తల ఎత్తేది కాదు. అన్నయ్య బట్ట కత్తిరించేవాడు, ఆమె కుట్టేది. ఇద్దరికీ కలిపి ఒకటే దుకాణం, ఒకటే టేపు. ఆ టేపు కోసం రోజంతా పోట్లాడుకునేవారు. వాళ్ల కాపురం అంటే నాకు ఆ పోట్లాటే గుర్తొస్తుంది.

అప్పు వాయిదాలు తప్పాయని బ్యాంకువాళ్లు వచ్చి మిషన్లు ఎత్తుకుపోయారు. వదిన కాళ్లావేళ్లా పడింది. "రూల్సమ్మా" అన్నారు. ఏడాది తిరక్కుండానే ఆ బ్యాంకే దివాలా అంచుకొచ్చింది. ప్రభుత్వం పరుగున పోయి, జనం కట్టిన పన్నులతో దాన్ని ఒడ్డున పడేస్తానంది. తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి చీర పెడతానన్నాడట. అప్పుడు ఆ రూల్సు ఎటు పోయాయో మరి!

"ముంచినవాడికి తెప్ప, మునిగినవాడికి రాయా?" అని వదిన ఒక అట్ట మీద రాసుకుంది. ప్రతి సోమవారం దాన్ని పట్టుకుని ఆ బ్యాంకు ముందు నిలబడటం మొదలుపెట్టింది. మొదట ఆమె, పక్క దుకాణం మంగలాయన, రిటైరైన ఒక పంతులమ్మ. తర్వాత వీధి వీధంతా వచ్చింది.

అసలు చిక్కేమిటంటే, ఆ బ్యాంకు అద్దాల తలుపు దగ్గర కాపలా ఉన్నది మా అన్నయ్యే. పని కోసం తిరిగి తిరిగి, చివరికి దొరికిన ఉద్యోగంలో చేరాడు. ఆ రోజు ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది.

"మన మిషన్లు మోసుకుపోయినవాళ్ల గుమ్మానికి కాపలా కాస్తారా?"

"మరి నీ రోషం వండుకు తిందామా?"

మాటకు మాట పెరిగి, అన్నయ్య సంచి పట్టుకుని మా ఇంటికి వచ్చేశాడు. రమ్మని ఆమె అనదు, వస్తానని ఈయన అనడు. అడకత్తెరలో పోకచెక్కలా మధ్యలో నేను.

సోమవారాలు మాత్రం ఇద్దరూ ఎదురెదురుగా ఉండేవారు. ఆమె బయట, ఆయన లోపల, మధ్యలో అద్దం. నినాదాలిస్తూనే ఆమె ఆయన యూనిఫాం చూసేది. ఎవరికో కుట్టింది ఈయనకు తగిలించారు. భుజాలు జారి, చేతులు వేళ్ల దాకా దిగి ఉండేది. "ఒక్క గంట నా చేతికిస్తే సరిచేసి పెడుదును" అనేది నాతో. అన్నయ్య మాత్రం తక్కువ తిన్నాడా? సోమవారం వస్తే నున్నగా గడ్డం గీసుకుని వెళ్లేవాడు. మంగళవారం ఆ గడ్డం సంగతే గుర్తుండేది కాదు.

ఒక సోమవారం ఆయన ఛాతీ మీద గుండీ వేలాడుతూ కనిపించింది. వదిన నినాదం మధ్యలోనే ఆపి, అట్ట నా చేతిలో పెట్టి మెట్లెక్కింది. ఎవరొచ్చినా తలుపు తీయడం ఆయన పని. తీశాడు. ఆమె సంచిలోంచి సూదీ దారం తీసింది.

"కదలకండి, గుచ్చుకుంటుంది."

"జనం చూస్తున్నారే."

"చూడనీండి. ఊడిన గుండీతో మీరు నిలబడితే వాళ్లు అనేది నన్ను."

కుట్టడం అయ్యాక, దారం పళ్లతో కొరకడానికి ఆయన ఛాతీ మీదికి వంగింది. కావలసినదాని కంటే కాస్త ఎక్కువసేపే వంగి ఉంది. అన్నయ్య కళ్లు మూసుకున్నాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. మేడ మీది కిటికీలోంచి మేనేజరు చూశాడు.

సాయంత్రానికల్లా ఉద్యోగం పోయింది. గొడవ చేసేవాళ్లతో చేతులు కలిపాడట. జనం డబ్బుతో బతికి బట్టకట్టబోతున్న బ్యాంకుకు ఒక్క గుండీ బరువైపోయింది.

"పీడా పోయింది, ఇంటికి పో అన్నయ్యా" అన్నాను.

"జీతం ఉన్నప్పుడే పోలేదు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పోనే? ఒక్క మిషనైనా కొనుక్కుని అప్పుడు పోతాను" అన్నాడు. ఎక్కడో దూరాన బట్టల ఫ్యాక్టరీలో పని ఉందని మర్నాడే బయలుదేరాడు. ఆమెకు చెప్పి వెళ్లమన్నా వినలేదు. నేనే చెప్పాల్సి వచ్చింది. వదిన కుర్చీలో కూలబడి, "నేనే పోగొట్టాను" అని మాత్రం అంది.

బ్యాంకుకు సొమ్ము అందింది. జనం చల్లబడ్డారు. మంగలాయన రావడం మానేశాడు, పంతులమ్మకు మోకాళ్ల నొప్పులు. అన్నయ్య దగ్గర్నుంచి కబురూ కాకరకాయా లేదు. వదిన మాత్రం ఇంకా సోమవారం సోమవారం అక్కడే ఒంటరిగా నిలబడుతోంది.

మొన్న ఉండబట్టలేక అడిగేశాను. "అంతా అయిపోయింది కదా వదినా, ఇంకా ఎందుకు?"

"జరిగిపోయినంత మాత్రాన అన్యాయం న్యాయమైపోతుందా?" అని గయ్యిమంది. కాసేపటికి గొంతు తగ్గించింది.

"ఇంటికి రావడానికి మీ అన్నయ్యకు మొహం చెల్లదు. ఇక్కడికైతే, ఏదో దారిన పోతూ చూసినట్టు రావచ్చు కదమ్మా" అంది.