సింహాచలం మామ తన జీపు విప్పిన రోజు

నిన్న ఉదయం మార్కెట్లో కూరగాయల బస్తాలు దింపుతుంటే ఫోన్ వచ్చింది. ప్రోతరాపూర్ మెకానిక్ సింహాచలం మామ పోయాడని.

మొన్ననే మాట్లాడాను. క్లచ్ గట్టిగా ఉందంటే, ఆదివారం బండి తీసుకురమ్మన్నాడు.

నమ్మలేక మళ్ళీ ఫోన్ చేసి అడిగాను.

మాకు చుట్టరికం లేదు. మా నాన్న ఆయన్ని బావా అనేవాడు. నేను మామా అనేవాణ్ణి.

నాలుగేళ్ళ క్రితం నా పికప్ వ్యాన్ వాటర్ పంప్ పోయింది. కొత్తది చెన్నై నుంచి మా దీవికి ఓడలో రావాలి. తుఫాను వల్ల ఓడ కదల్లేదు. తుష్నాబాద్ తోటల్లో బెండకాయలు కోతకు వచ్చేశాయి. ఇంకో రెండు రోజులైతే రైతులు వేరే బండి మాట్లాడుకుంటారు. నాకున్న పని అదొక్కటే.

మామ షెడ్‌లో కూర్చుని ఫోన్ చూస్తున్నాను. ఎప్పటిదో యుద్ధంలో ఎడారిలో వదిలేసిన ట్రక్కుల ఫొటోలు. యుద్ధం అయిన చాలా ఏళ్ళకు తీసినవి, రంగు వెలిసినవి. మామకు చూపించాను.

"ఝూట్! అన్నేళ్ళ బండికి తుప్పేదిరా? డోరు మీద నంబరు కూడా కనబడతంది."

"అక్కడ వాన పడదు మామా. సముద్రం లేదు."

"లేపోతే? ఇనుము కాదేటి అది?"

రెండు వానాకాలాలకే బండి ఫ్లోర్ తుప్పుపట్టి ఊడిపోయే చోట పుట్టినవాడు. చాలాసేపు ఒప్పుకోలేదు.

తర్వాత కళ్ళద్దాలు పెట్టుకుని, గ్రీజు వేళ్ళతోనే ఒక ఫొటో పెద్దది చేశాడు.

"దీనికి చక్రాల్లేవు. దిమ్మలెట్టి మరీ తీసినారు. దొంగలు ఇంత ఓపిగ్గా తియ్యరు. ఇది ఆగిపోనాది గానీ, దీని చక్రాల్తో ఇంకో బండి ఇంటికెళ్ళుంటాది."

లేచి షెడ్ వెనక్కి వెళ్ళాడు. అక్కడ ఆయన సొంత జీపు ఉంది. ఆరేళ్ళుగా పాత సామాను ఏరి తయారు చేసుకుంటున్నాడు. పెయింట్ ఒక్కటే మిగిలింది. దానిదీ నా బండిలాంటి ఇంజినే. దాని పంప్ విప్పడం మొదలుపెట్టాడు.

వద్దన్నాను.

"నాకేటి తొందర? నీ బెండకాయలు ముదిరిపోతాయి."

లోపలి నుంచి అత్త అరిచింది. "మళ్ళీ ఇప్పేసినావా? ఈ జన్మకి నన్ను ఆ జీపెక్కించవు!"

"ఎక్కిస్తాన్లేవే. ఓడ రానీ."

ఓడ వచ్చింది. కొత్త పంప్ తీసుకెళ్ళి ఇచ్చాను. అప్పటికే జీపు రేడియేటర్ ఇంకెవరికో ఇచ్చేశాడు. ఆ జీపు రోడ్డెక్కలేదు.

నేను మాత్రం ఒక్క రైతునూ పోగొట్టుకోలేదు. ఈ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. అని ఉంటే, "చాల్లే, స్పానర్ అందుకో" అనేవాడు.

నిన్న సాయంత్రం సాగనంపి వచ్చాం. ఈ రోజు బండి తీయలేదు. ఎందుకని రైతులెవరూ అడగలేదు. రేపు తీస్తాను.

మామా, ఇక చేతులు కడుక్కో. హాయిగా పడుకో.