రోవెల్ పెట్టెలో మిగిలిన ఊరు

పుల్లయ్య ట్రాలీ ఆటో రాజుపాలెం దాటి పునరావాస కాలనీ వైపు మళ్ళగానే అద్దానికి అతికించిన పెట్టె గొడవకు దిగుతుంది. "మేక్ ఎ యూ టర్న్" అంటుంది. అతను పట్టించుకోడు. వంద గజాలు పోయాక మళ్ళీ అంటుంది. ఇంటి ముందు బండి ఆపి తాళం తిప్పేదాకా ఆ ఆడగొంతు ఊరుకోదు. పన్నెండేళ్ళుగా ఇదే తంతు.

"ఏంది బాబాయ్, పిన్నికి ఇంకా అలక తీరలేదా?" అని కాలనీ కుర్రాళ్ళు అరుగుల మీంచి కేకేస్తారు.

"మీ పిన్ని ఇంట్లో ఉందిరా. ఇది రోవెల్. దీని మాటకు తిరుగుండదు," అంటాడు పుల్లయ్య.

అది రోవెల్ కంపెనీ దారి చూపే పెట్టె. పిడుగురాళ్ళ సున్నం లారీ నడిపే రోజుల్లో కొన్నాడు. తోటి డ్రైవర్లు మద్రాసు పొలిమేరల్లో బండి ఆపి, రాని భాషలో దారి అడుగుతుంటే, పుల్లయ్య అద్దం వంక చూస్తూ నేరుగా గోడౌను ముందుకు పోయి ఆపేవాడు. దాంతో ఆ కంపెనీకి జీతం లేని ఏజెంటయ్యాడు. పదకొండు మంది చేత అదే కొనిపించాడు. వేరే కంపెనీ పెట్టె కొన్న ఒకడితో ఏడాది పాటు టీ కూడా తాగలేదు. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి. పదకొండు పెట్టెలూ పాతసామానులో కలిశాయి. పుల్లయ్యది మాత్రం అద్దం మీదే ఉండిపోయింది.

కంపెనీలవాళ్ళు దీన్ని బ్రాండ్ లాయల్టీ అంటారు. దాని మీద మేనేజ్‌మెంట్ కాలేజీల్లో పాఠాలు చెబుతారు. పుల్లయ్య విషయంలో ఆ పాఠాలు పనికిరావు. అతని కూతురు ఆ పెట్టెలో ఉంది.

పిల్ల పేరు చిన్నారి. నాలుగేళ్ళప్పుడు జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయింది. చిన్నపిల్లల్ని దహనం చెయ్యరు, పూడుస్తారు; పైన సమాధి కట్టరు, ఏటా పెట్టే తద్దినాలూ ఉండవు. సింగరాయపాడు చివర, తన పొలం గట్టు పక్కన పూడ్చి, కుక్కలు తవ్వకుండా ఒక నాపరాయి పరిచాడు. నాలుగేళ్ళ తర్వాత పులిచింతల ప్రాజెక్టు నీళ్ళ కింద ఊరు పోతుందని ఖాయమైంది. నష్టపరిహారం జాబితాలో ఇళ్ళకు గడి ఉంది, నిమ్మచెట్లకు ఉంది, బోరుబావులకు ఉంది. పుల్లయ్య చెప్పుకోవాల్సిన దానికి గడి లేదు.

ఊరు ఖాళీ చేసిన రోజు అతని భార్య ధనమ్మ ఆ నాపరాయి దగ్గరి నుంచి లేవలేదు. సామాను లారీ హారన్ కొడుతోంది. పుల్లయ్యకు ఏం చెయ్యాలో తోచలేదు. లారీ అద్దం మీది పెట్టె పీక్కొచ్చి, రాయి మీద పెట్టి, 'హోమ్' అన్నచోట నొక్కి పట్టుకున్నాడు.

"ఏం చేస్తన్నావయ్యా?"

"ఇల్లు ఇదేనని చెప్పా దీనికి. మనం యాడున్నా ఈడికే తీసుకొస్తది. ఇంక లెయ్యవే."

ఆమె లేచింది. ఆ మాట నమ్మి లేచింది. పుల్లయ్య మెడకు చుట్టుకున్నది ఆ నమ్మకమే.

వేసవిలో నీళ్ళు తగ్గిన ఏడు ఇద్దరూ వెళ్ళేవాళ్ళు. బెల్లంకొండ దాటి మట్టిబాట చివర బండి ఆపి, పెట్టె చేత్తో పట్టుకుని ఎండిన బురద మీద నడిచేవాళ్ళు. పెట్టె లోపలి బ్యాటరీ అరగంట ఆగేది. ఆ అరగంటా చాలేది. రాయి బురద కింద కనపడేది కాదు, పెట్టె చెప్పినచోటే నిలబడేవాళ్ళు. కాలనీ పెద్దమనుషులు మందలించారు. "అదేదో పుష్కరాల్లో ఒక మునక మునిగి మరిచిపోకూడదా ధనమ్మా?" అన్నారు. మునగమని సలహా ఇచ్చినవాళ్ళ బిడ్డలెవరూ నీళ్ళ కింద లేరు.

తర్వాత మూడు వేసవులు నీళ్ళు దిగలేదు. ఈలోగా లోపలి బ్యాటరీ చచ్చింది. బండి కరెంటు ఉంటేనే పెట్టె వెలుగుతోంది. ఈ ఏడు ఉగాది దాటాక తెర కింది సగం చారలు పడి పోయింది. పైసగంలో 'హోమ్' ఒక్కటే వేలికి పలుకుతోంది. మే నెలాఖరుకు కట్ట వెనక నీళ్ళు బాగా దిగాయని కబురొచ్చింది. ఎగువ నుంచి వరద దిగితే పది రోజుల్లో మళ్ళీ నిండిపోతుంది.

పుల్లయ్య నరసరావుపేట వెళ్ళాడు. రోవెల్ బోర్డున్న కొట్లో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. బస్టాండులో నిలబడి కంపెనీ నంబరుకు ఫోన్ చేశాడు. తెలుగుకు రెండు నొక్కమంది, నొక్కాడు. పాట వినిపించింది. ఎండలో నలభై నిమిషాలు విన్నాడు.

"రోవెల్ కస్టమర్ కేర్, నేను అర్చన. చెప్పండి సర్."

చెప్పాడు. తెర పోయిందని, అది కావాలని, ఎంత దూరమైనా వస్తానని చెప్పాడు.

"సర్, ఆ మోడల్‌కి సపోర్ట్ ఆపేశాం. మీరు చాలా పాత కస్టమర్ కాబట్టి ఎక్స్‌చేంజ్ ఆఫర్ ఉంది. పాతది ఇచ్చేసి కొత్తది తీసుకోవచ్చు."

"పాతది ఇస్తే ఎట్టామ్మా? అందులో ఉన్నది కొత్తదాంట్లోకి వస్తదా?"

"రాదు సర్. కొత్త మ్యాప్ వస్తుంది. ఊరి పేరు చెప్పండి, ఉందేమో చూస్తాను."

"సింగరాయపాడు."

కీబోర్డు చప్పుడు వినిపించింది. "కొత్త మ్యాప్‌లో అక్కడ రిజర్వాయర్ ఉంది సర్."

"నాకు తెలుసమ్మా అది."

"మరి మీకు అక్కడ ఏం కావాలి సర్?"

అర్చన రెండుసార్లు 'సర్, లైన్‌లో ఉన్నారా' అంది. తర్వాత ఫోన్ దానంతటదే ఒక ప్రశ్న అడిగింది: రోవెల్‌ను మీ మిత్రులకు సిఫారసు చేస్తారా, ఒకటి నుంచి పది లోపు నొక్కండి. పదకొండు మంది చేత కొనిపించిన మనిషి ఫోన్ కట్ చేసి జేబులో పెట్టుకున్నాడు.

పిడుగురాళ్ళలో సెల్‌ఫోన్లు బాగుచేసే జిలానీ పెట్టె విప్పి, చూసి, మళ్ళీ మూశాడు.

"ఆ చోటు ఎక్కడో చెప్పే నంబర్లు లోపల ఉంటాయి బాబాయ్. చూద్దామంటే మెనూ కింది సగంలో ఉంది, అది చచ్చింది. ఇంకా కెలికితే మొత్తం పోతది. ఒకటే దారి. ఇది బతికుండగానే ఆడికి పో. ఫోన్లో మ్యాపు తీసి, నువ్వున్న చోటు చూపే నీలం చుక్క మీద వేలు అదిమిపట్టు. ఆ చోటు ఫోన్లో ఉండిపోద్ది. ఇంక దీంతో పని లేదు."

"కరెంటు లేకుండా వెలగదు గదరా ఇది."

"బండి బ్యాటరీ మోసుకుపో," అన్నాడు జిలానీ నవ్వుతూ. పుల్లయ్య నవ్వలేదు. ఆ ముఖం చూసి జిలానీ రెండు గజాల వైరుకు చివర్లలో క్లిప్పులు అతికించి ఇచ్చాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికే ఎండ మండుతోంది. మట్టిబాట చివర పుల్లయ్య ట్రాలీ బ్యాటరీ ఊడదీశాడు. పెట్టె ఆరిపోయింది. క్లిప్పులు బ్యాటరీకి తగిలించాడు. తెర నల్లగానే ఉంది.

"వెలగలేదేందయ్యా?"

"ఉండవే. దానికీ వయసైంది."

చాలాసేపటికి రోవెల్ బొమ్మ కనపడింది. ధనమ్మ చెంగుతో తెర తుడిచి 'హోమ్' నొక్కింది. పుల్లయ్య తువ్వాలు మడత పెట్టుకుని బ్యాటరీ భుజానికెత్తుకున్నాడు. పెట్టె ఆమె చేతిలో, కరెంటు అతని భుజం మీద, మధ్యలో రెండు గజాల వైరు. అరవైకి దగ్గరపడిన మొగుడూపెళ్ళాలు పగుళ్ళిచ్చిన జలాశయం అడుగున కొత్త దంపతుల్లా ముడిపడి నడిచారు.

"ఇన్ టూ హండ్రెడ్ మీటర్స్, టర్న్ రైట్" అంది పెట్టె. కుడివైపున ఏమీ లేదు, బురద తప్ప. దాని మ్యాపులో మాత్రం అది పెద్దబజారు. ధనమ్మ కుడికి తిరిగింది. కాళ్ళ కింద బురద పొర పెళుసుగా విరిగి అక్కడక్కడా రాయి తగులుతోంది. సింగరాయపాడులో ప్రతి వాకిలికీ మాచర్ల నాపరాళ్ళే.

"ఇది కరణంగారి ఇల్లు," అంది.

"మాట్లాడమాక. దూరం చూడు."

"నాలుగొందలు. నువ్వు వగరుస్తన్నావు. కాసేపు దించు."

"దించితే క్లిప్పు ఊడుద్ది. నడువు."

మూడొందలు. నూట యాభై. అరవై మీటర్ల దగ్గర నేల అయిపోయింది. ముందంతా నీళ్ళు. ఈ ఏడు అంతవరకే దిగాయి.

పుల్లయ్య ఆగిపోయాడు. ధనమ్మ ఆగలేదు. పెట్టె తలపైకెత్తి నీళ్ళలోకి దిగింది. వైరు బిగుసుకుంది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. అతను ఒక్క అడుగు ఆలస్యం చేస్తే వైరు ఊడుతుంది. బ్యాటరీని రెండు చేతులా అదిమిపట్టుకుని దిగాడు. మోకాళ్ళు, తొడలు, నడుము. కింద బురద పాదాల్ని లాగుతోంది.

"నెమ్మదే! నా మాట ఇనవే!"

"ఇరవయ్యే ఉంది."

రొమ్ముల లోతులో పెట్టె చెప్పింది: యూ హ్యావ్ అరైవ్డ్. అదే గొంతు, అదే ధీమా.

"ఫోన్ తియ్యి. జేబులో ఉంది, కవర్లో," అన్నాడు పుల్లయ్య. అతని చేతులు ఖాళీ లేవు. ఆమె ఒక చేత్తో తీసి, పళ్ళతో కవరు చింపి, మ్యాపు తెరిచింది. సిగ్నల్ లేదు. నీలం చుక్క మాత్రం ఉంది. దాని చుట్టూ లేతనీలం వలయం. ఆ వలయం ఊరంత పెద్దది. చుక్క నిలకడగా లేదు. అటు జరిగింది, ఇటు జరిగింది.

"ఇదేందయ్యా, కదులుతంది? యాడ నొక్కాలి?"

పుల్లయ్య ఆమె భుజం మీదుగా చూశాడు. ఫోను తనకు కచ్చితంగా తెలియదని చెబుతోంది. రోవెల్ పన్నెండేళ్ళలో ఒక్కసారీ ఆ మాట చెప్పలేదు. దానికీ తెలియకపోయి ఉండొచ్చు. బాణం గుర్తు పెట్టి ఊరుకుని ఉండొచ్చు. వేసవికి వేసవికి తాము నిలబడింది వేరు వేరు చోట్లేమో. భుజం మీది బరువు ఒక్కసారిగా రెట్టింపైనట్టనిపించింది. అదే క్షణాన ఆమె చేతిలో రోవెల్ తెర తెల్లబడి ఆరిపోయింది. క్లిప్పులు చూశాడు. గట్టిగానే ఉన్నాయి.

ధనమ్మ దాన్ని చూడలేదు. కాళ్ళతో అడుగున వెతుకుతోంది. ఉన్నట్టుండి నిలిచిపోయింది.

"రాయి తగిలిందయ్యా. నాపరాయి. ఇదే."

అది ఎవరి వాకిలి రాయైనా కావచ్చు. పొలం గట్టుకు ముందు నాలుగిళ్ళున్నాయి; ఆ నాలుగింటికీ నాపరాళ్ళే. ఆ మాట అతని నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె ముఖంలోకి చూశాడు. ఊరు ఖాళీ చేసిన రోజు రాయి మీదినుంచి లేచినప్పుడు ఉన్న ముఖమే అది.

"ఇదే గదయ్యా?"

"ఇదే. కాలు కదపమాక," అన్నాడు పుల్లయ్య. "నొక్కు."