బొట్టుకు ముందు కిరసనాయిలు గుడ్డ

పోయిన నెల మా అత్తగారు జ్వరంతో కన్నుమూశారు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఆవిడ నోటి దురుసునే తలచుకున్నారు. నాకు మాత్రం ఆవిడ చేతిలోని కిరసనాయిలు గుడ్డే గుర్తుకొస్తోంది.

కూర్మన్నపాలెంలో మాది టాక్సీ మీద బతికే ఇల్లు. స్టీలు ప్లాంటు కట్టేవాళ్లను మా ఆయన తిప్పుతారు. నా పెళ్లికి ముందే మామగారు తగరపువలస దారిలో టైరు పేలి చనిపోయారు. అరిగిపోయిన టైరుకు వేడి కత్తితో గాడులు కోసి, నల్లరంగు పూసి, కొత్తదని ఆయనకు అంటగట్టారు. అరిగిన టైరుతో నడిపారని ఇన్సూరెన్సువాళ్లు చేతులెత్తేశారట. ఆ టైరుకు బొట్టు పెట్టింది అత్తగారే.

ఆ తర్వాత ఆవిడ బొట్టు పెట్టకూడదు కదా. ఇంటికి టైరొస్తే కుంకుమ పళ్లెం నాకిచ్చి, గుడ్డ తను పట్టుకునేవారు.

"ఆగెహే, ముందు దాని మొకం కడగనీ. సచ్చినోడికి రంగేసి పెళ్లికొడుకంటారు ఈళ్లు."

గుడ్డ నల్లబడితే టైరును వీధిలోకి దొర్లించి, తుపుక్కున ఉమ్మేవారు. నలుపు ఊడకపోతే గాడిలో గోరు దించి లోతు చూసేవారు. "పక్కనున్న ఆ సైజు అంకెలు సదువు. పాతదానికీ దీనికీ ఒకటేనా?" అని నన్నడిగేవారు. నా నాలుగో తరగతి చదువుకు ఆ ఇంట్లో దొరికిన గౌరవం అదే.

పెద్దకర్మ భోజనాలకు అలా రంగేసిన టైర్లు అమ్మేవాడూ వచ్చాడు. గారెలు మళ్లీ మళ్లీ వేయించుకుని, వేళ్లు నాకుతూ మా ఆయనతో అన్నాడు: "బావా, ముసిల్ది నేదు కదా, ఇంక నా టైర్లేసుకో. బ్రేకు ఇనస్పెక్టరైనా, ఇన్సూరెన్సోడైనా సూసేది గాడులే."

మా ఆయన దానికి నవ్వారు. ఆ నవ్వు వాడి మాటకంటే అసహ్యంగా తోచింది.

మర్నాడే టైరు వాకిట్లోకి వచ్చింది. కొత్త రంగు కంపు గడప దాటింది.

"రావే, బొట్టెట్టు" అన్నారాయన.

ఆయన ముందు నేనెప్పుడూ నోరెత్తి ఎరగను. పళ్లెం అరుగు మీద పెట్టి, గోడ మేకుకున్న అత్తగారి గుడ్డ తీసి కిరసనాయిలులో ముంచాను.

"ఏటి సేత్తన్నావ్?"

"దీని మొకం కడుగుతన్నాను."

రుద్దేకొద్దీ నలుపు ఊడింది. గాడి అడుగున టైరు లోపలి దారప్పోగులు బయటపడ్డాయి. ఆయన వాటిని వేలితో తడిమి చూసుకున్నారు. తర్వాత టైరును లేపి, వీధిలోకి దొర్లించుకుపోయారు.

నా ముగ్గు మీదుగా నల్లటి చార సాగింది. గుడ్డ పిండి మళ్లీ ఆ మేకుకే తగిలించాను. చాలాసేపు దాని నుంచి నల్లచుక్కలు గడప పక్కన రాలుతూనే ఉన్నాయి.