రెండు రోజుల ముందు మనిషి

జగ్గారావు బాబాయ్ జీవితంలో ఏ పనీ దాని తేదీకి జరగలేదు. అన్నీ రెండు రోజుల ముందే. ప్రేమ్ బజార్‌లోని మా కంపెనీ రైలు బోగీల సీట్లకు కవర్లు కుడుతుంది. అక్కడ అజమాయిషీ ఆయనదే. పద్నాలుగున ఇవ్వాల్సిన సరుకుకి "పన్నెండు! పన్నెండు దాటితే కొంప ములిగిపోద్ది!" అని సైకిల్ బెల్లు కొడుతూ తిరుగుతారు.

మా మరిది పెళ్లికీ అంతే. రెండు రోజుల ముందే ఇస్త్రీ చొక్కాతో ఓల్డ్ సెటిల్‌మెంట్ చర్చికి వచ్చి, తాళం చూసి, "ఎవులూ నేరేటి? పెళ్లి తప్పిపోనాదా?" అని కాపలాదారుని నిలదీశారట.

నా పుట్టినరోజు జూలై ఇరవై. ఆయన పద్దెనిమిదినే సందేశ్ మిఠాయి పెట్టె తెస్తారు. అందరూ చప్పట్లు కొట్టి పాడేస్తారు. ఇరవయ్యో తేదీన నేను కొత్త చీర కట్టుకుని వెళితే "ఏటి జెనీ, విశేషం?" అంటారు. ఏడేళ్లుగా ఇదే తంతు.

అయినా అందరికీ ఆయనే కావాలి. నాకు అసూయ. దాచడమెందుకు, కడుపు మండిపోయేది. ఎవరికి ఏ పని, ఎప్పటికి అన్నదంతా నేను సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి పెడితే ఒక్కరూ చూడరు. నా బల్ల పక్కనుంచే వెళ్లి ఆయన్ని అడుగుతారు.

ఈ ఏడు ఆ సాఫ్ట్‌వేర్‌లోకి మాట్లాడే ఏఐ అసిస్టెంట్ వచ్చింది. పేరు సాథీ. ఫోన్‌లో అడిగితే తెలుగులో జవాబిస్తుంది. మా యజమాని దత్తా బాబు నన్ను పిలిచి, "జెనీ, దీన్ని నువ్వే సెట్ చెయ్. నెల రోజులు బాగా నడిస్తే అజమాయిషీ నీకే. జగ్గా దాదాని గోడౌన్‌కి పంపిద్దాం. ఠీక్ హై?" అన్నారు.

నాకు ఠీక్ కాకపోవడమేమిటి!

సాథీకి అందరి పేర్లూ, పనులూ చెప్పాను. గడువులు ఎక్కడినుంచి తీసుకోవాలని అడిగింది. "ఆర్డరు కాగితాల నుంచి. జగ్గారావు గారు చెప్పేవి పట్టించుకోవద్దు" అని టైపు చేస్తుంటే వేళ్లకి ఎంత హాయిగా ఉందో!

మర్నాడే నీలం కవర్లకి పద్నాలుగు దాకా గడువుందని సాథీ అందరికీ చెప్పేసింది. కటింగ్ వాళ్లు కత్తెరలు పక్కన పెట్టి టీకి పోయారు. కుట్టే సుజాతమ్మ ఒక్కతే మొహం వేలాడేసింది. నేను పట్టించుకోలేదు.

బాబాయ్ స్వయంగా ఫోన్ అందుకున్నారు.

"ఏటి బాబూ, నీలం కవర్లు ఎప్పటికి?"

"పద్నాలుగుకి, జగ్గారావు గారూ."

"తప్పు. పన్నెండు."

"ఆర్డరులో పద్నాలుగు ఉందండీ."

"కాయితం సదివినావు. మనుసుల్నెప్పుడు సదువుతావు?"

సాథీ క్షమాపణ చెప్పి, మళ్లీ పద్నాలుగే అంది.

"నీ ముద్దుబిడ్డకి మర్యాదుంది, బుద్ధి నేదు" అని ఆయన ఫోన్ నా బల్ల మీద పెట్టేశారు. ఆ గొంతులో అసూయ వినబడింది. ఆ వేళ నేను రెండు సమోసాలు ఎక్కువ తిన్నాను.

వారం తిరిగేసరికి ఆయన్ని అడిగే దిక్కు లేదు. ఖాళీగా సైకిల్ తుడుచుకునేవారు. సాయంత్రం క్యారియర్‌కి ఓ మూట కట్టుకుని ట్రాఫిక్ అనే పేటలో ఉన్న తన ఇంటికి పోయేవారు. గోడౌన్‌కి వెళ్లేముందు సామాను తరలిస్తున్నారనుకుని సంతోషించాను.

కటింగ్ వాళ్లు ముక్కలు ఆలస్యంగా ఇచ్చారు. పద్నాలుగు పొద్దున్న వ్యాను గేటు దగ్గరుండగా సుజాతమ్మ ఆఖరి ఇరవై కవర్లు తెచ్చింది. కుట్లన్నీ వంకరటింకర.

"ఇదేమిటి సుజాతమ్మా!"

"నీలం గుడ్డ మీద నీలం దారం నాకు కనపడదే జెనీ, తెల్లవయితే పర్వానేదు. నాలుగేళ్లయినాది. పన్నెండుకి ఇచ్చీస్తే, ఆ రెండ్రోజులూ జగ్గన్న ఇంటికి అట్టుకెళ్లి, ఇప్పి మళ్లీ కుట్టుకొస్తాడు. దత్తా బాబుకి తెలిస్తే నా పని పోద్ది కదేటి."

అప్పుడే బాబాయ్ సైకిల్ దిగారు. మూటలో అంతకుముందు కుట్టినవన్నీ సరిచేసి ఉన్నాయి.

"ఇరవయ్యేనా? బ్లేడులు తియ్యండి" అన్నారు.

నేను విప్పాను, ఆయన కుట్టారు, సుజాతమ్మ మడతపెట్టింది. నాలుగింటికి వ్యాను కదిలింది.

మూట అడుగున నేను టైపు చేసిన సరుకు చలానాల కాపీలు కనిపించాయి. ప్రతిదాని మీదా బోగీ నంబర్లు పెన్సిల్‌తో దిద్ది ఉన్నాయి.

"ఇవేంటి బాబాయ్?"

"ఆ రెండ్రోజుల్లో నీయి కూడా సూస్తాను కదేటి. నీకు ఆరూ తొమ్మిదీ తిరగబడిపోతాయి."

"ఏడేళ్లుగానా? నాతో చెప్పొచ్చు కదా!"

"సెప్తే నీకు కోపం. నీ కోపం ఎవులు బరాయిస్తారు?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రమే దత్తా బాబు దగ్గరికెళ్లి, అజమాయిషీ బాబాయ్‌కే ఉంచమన్నాను. సుజాతమ్మ సంగతి మాత్రం చెప్పలేదు. సాథీలో ఆవిడ పేరు పక్కన ఇకమీదట తెల్ల కవర్లే అని రాసేశాను. గడువులన్నీ రెండు రోజులు ముందుకి జరిపాను. మార్పుకి కారణం ఏమిటని సాథీ అడిగింది. "జగ్గారావు గారు" అని రాశాను.

మర్నాడు బాబాయ్ ఫోన్‌లో అడిగారు, "తెల్ల కవర్లు ఎప్పటికి?"

ఆర్డరులో ఇరవై నాలుగు. సాథీ ఇరవై రెండు అంది.

"బుద్ధొచ్చినాది నీ ముద్దుబిడ్డకి!"

ఇప్పుడు వాళ్లిద్దరికీ దోస్తీ కుదిరింది. నా బల్ల దగ్గరే నిలబడి, నేనొకదాన్ని ఉన్నానన్న ధ్యాసే లేకుండా కబుర్లాడుకుంటారు. నాకు మళ్లీ కడుపు మండుతోంది.

అన్నట్టు, సాథీలో నా పుట్టినరోజు కూడా మార్చేశాను. ఈసారి కొత్త చీర పద్దెనిమిదినే కట్టుకున్నాను.