అక్క సూది ఆగిన పేజీలు

కటింగ్ మాస్టారికి ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు. చదివింది పల్లెటూరి బడిలో ఐదో తరగతే అయినా, చేసినవి తక్కువేం కావు. మనిషి గుమ్మంలో నిలబడగానే టేపు పట్టకుండా నడుం కొలత చెప్పేసేవాడు. ఒకే నెలలో మూడు బడులకు యూనిఫారాలు కుట్టించి ఇచ్చాడు. యాభై రెండో ఏట నవల అచ్చువేయిస్తే ఏడాదిలో ఆరు ముద్రణలకు వెళ్లింది. ఇవన్నీ అడిగినవాళ్లకీ చెబుతాడు, అడగనివాళ్లకీ చెబుతాడు. కానీ ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆయనకు గుర్తొచ్చేవి మాత్రం ఆ నవల అచ్చుకాకముందటి మధ్యాహ్నాలు.

కొట్టు వెనక గదిలో, కిటికీ పక్కన కూర్చుని అక్క చొక్కాలకు కాజాలు కుట్టేది. అక్షరం ముక్క రాదు గానీ ఆమెవి పాముచెవులు. భోజనాలయ్యాక తమ్ముడు ముందురోజు రాసింది చదివేవాడు. అక్క చేతిలో సూది ఆగిందా, ఆ పేజీ ఉన్నట్టు. ఆగలేదా, చింపేయడమే. మెప్పూ లేదు, తిట్టూ లేదు. ఆరేళ్లు అలాగే సాగింది.

"ఒరేయ్, నువ్వు చదువుతుంటే నా పని ముందుకు కదలట్లేదురా!" అని ఒకసారి విసుక్కుంది. అంత గొప్ప సన్మానం ఆయనకు తర్వాత ఏ వేదిక మీదా జరగలేదు.

నవలకు పేరొచ్చాక మాస్టారి కళ్లు నెత్తికెక్కాయి. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు సంతకాలడిగారు. ప్రచురణకర్త రెండో నవలకు తేదీ కూడా ప్రకటించేశాడు. మాస్టారు వీధి చివర గది తీసుకున్నాడు. కొత్త బల్ల, తిరిగే కుర్చీ. నాలుగు నెలల్లో మూడు వందల పేజీలు! ఇంతమంది మెచ్చాక ఇంకా అక్కని అడగడమేమిటని ఒక్క పేజీ కూడా వినిపించలేదు. ఆమె అడగనూ లేదు.

ప్రచురణకర్త వచ్చి కాగితాలు తీసుకెళ్తానన్న రోజు పొద్దున, మాస్టారికి అక్క సూది గుర్తొచ్చింది. కట్ట చంకన పెట్టుకుని కొట్టుకెళ్లాడు.

"దారి తప్పి వచ్చావా?" అంది అక్క, తలెత్తకుండానే.

"కాస్త వినక్కా."

మొదటి పేజీ అయింది. సూది ఆగలేదు. పదో పేజీ, ఇరవయ్యో పేజీ. ఒక చొక్కా పూర్తయి ఇంకో చొక్కా ఒళ్లోకి వచ్చింది. మాస్టారు చదవడం ఆపేశాడు.

"ఎలా ఉంది?"

"అందరూ బడాయి కబుర్లు చెప్పుకుంటున్నారు కదరా. వీళ్లలో ఒక్కడైనా పొద్దున్నే లేచి పనికెళ్తాడా?"

అంతలో ప్రచురణకర్త వెతుక్కుంటూ కొట్టుకే వచ్చాడు. "మాస్టారూ, ఏదీ కట్ట? ప్రెస్సువాళ్లు కాచుక్కూర్చున్నారు."

"ఇవ్వనండీ. ఇది కుదర్లేదు."

"ఇప్పుడు రాకపోతే జనం మిమ్మల్ని మరిచిపోతారు!"

"నాలుగు నెలల్లో మరిచిపోయేవాళ్లు గుర్తుపెట్టుకుంటే ఎంత, లేకపోతే ఎంత నాయనా? కూర్చో, టీ తాగి వెళ్దువుగాని," అంది అక్క.

అతను కూర్చోలేదు. మళ్లీ ఈ గడప తొక్కలేదు.

మాస్టారు గది ఖాళీ చేసి, కటింగ్ బల్ల దగ్గరే మళ్లీ మొదటి నుంచి రాశాడు. ఏడేళ్లు పట్టింది. ఇంకొకరు అచ్చేస్తే రెండు ముద్రణలతో సరిపెట్టుకుంది. అయినా గొప్పలు చెప్పుకునేటప్పుడు ముందు దాని పేరే ఎత్తుతాడు. చివరి రెండు అధ్యాయాలు మాత్రం అక్క పోయాక రాసినవి. పుస్తకం మొత్తానికి అవే బాగున్నాయని అందరూ అంటారు. నిజమో కాదో మాస్టారికి ఇప్పటికీ తెలీదు.