ఎర్రకడియం పిట్ట గురించి ఆడిన అబద్ధం

ఒక పిట్ట పాటను దాచిపెట్టి దాదాపు ఇరవై ఏళ్లుగా ఆ బరువు మోస్తున్నాను. వినడానికి చిన్న విషయమే. మీకు నవ్వు రావచ్చు కూడా. కాస్త ఓపిగ్గా వినండి.

రెండువేల ఐదు వేసవి. నేను పరిశోధక విద్యార్థిని. బనగానపల్లె దగ్గర ఒక మామిడితోటలో నల్లంచి పిట్టల మీద పని. పక్షులకూ మలేరియాలాంటి జబ్బు ఉంటుంది; నెత్తుట్లో పరాన్నజీవులు చేరతాయి. అవి ఎక్కువున్న మగపిట్ట తక్కువ పాడుతుందని, ఆడపిట్ట దాన్ని వద్దనుకుంటుందని నేను నిరూపించాలి. పిట్టను వలలో పట్టి, ఒక చుక్క నెత్తురు తీసి, కాలికి రంగు కడియం వేసి వదిలేవాళ్లం. ఆ తర్వాత ఏది ఎంతసేపు పాడిందో చెప్పేది ఓబులమ్మ. తోటలో కలుపు తీసే మనిషి. చదువు లేదు. పిట్ట ఆకుల చాటున ఉన్నా, గొంతును బట్టే ఏ కడియందో చెప్పేది. నేను వాచీ చూసి రాసుకునేదాన్ని.

అన్నీ నేననుకున్నట్టే వచ్చాయి. ఎర్రకడియం పిట్ట ఒక్కటే తప్ప. సూక్ష్మదర్శినిలో దాని నెత్తురు చూసి, ఇది బతికుండటమే గొప్పనుకున్నాను. అదే అన్నిటికంటే ఎక్కువ పాడింది. ఆడపిట్ట దానితోనే జతకట్టింది.

అంత జబ్బుతో అది ఎలా పాడగలిగిందన్నదే అసలు ప్రశ్న కావాల్సింది. నేను నోట్సులోంచి దాని పేజీ తీసేశాను. ఆ పిట్ట ఏమైందని నా పరిశోధన చూసే సారు అడిగితే, "ఓబులమ్మ కడియాలు కలగాపులగం చేసింది సార్" అన్నాను. ఎందుకన్నాను? డాక్టరేటు పోతుందన్న భయమా? లేక ఆమె వచ్చి కాదనే అవకాశం లేదన్న ధైర్యమా? రెండోదే. అది నాకు అప్పుడే తెలుసు.

సారు ఆమెను మా పనిలోంచి మాన్పించారు. వెళ్లేముందు ఆమె నా దగ్గరికొచ్చింది.

"నేను కడ్యాలు కలిపేసినానంట గదమ్మా. నిజమేనా?"

"ఎండలో ఎవరైనా పొరబడతారులే ఓబులమ్మా."

"ఆ పిట్ట శానాసేపు పాడతాన్నట్టు ఉండె నాకు. నా చెవులకే ఏమో అయ్యిండాదిలే."

కోప్పడి ఉంటే బాగుండేది. ఆమె నన్ను నమ్మింది.

నాకు డాక్టరేటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. నాలుగేళ్ల తర్వాత ఆ తోటకు వెళితే ఓబులమ్మ కలుపు తీస్తోంది. దగ్గర్లో నల్లంచి ఒకటి పాడుతోంది. అది ఎంతసేపటినుంచి పాడుతోందని అడిగాను.

"తెల్దమ్మా. వినేది ఇడిసిపెట్టినా," అంది, తలెత్తకుండానే.

అప్పుడైనా చెప్పాల్సింది. ఆమె ఇచ్చిన మంచినీళ్లు తాగి బస్సెక్కాను. పోయిన వేసవిలో మళ్లీ వెళితే ఆమె లేదు, చనిపోయి రెండేళ్లయిందన్నారు. క్షమించాల్సిన మనిషే లేనప్పుడు మిమ్మల్ని ఏమడగను? ఏమీ అడగను. ఓబులమ్మ సరిగ్గానే విన్నది. నేను అబద్ధమాడాను. ఇలా రాసి చూసుకోవడం ఇదే మొదటిసారి.