మా ఇంటి లోనుకు యాకూబ్ మాస్టర్ సాక్ష్యం

బడి యూనిఫాం బట్ట కట్ట విప్పగానే గంజి వాసన గుప్పున వస్తుంది. మొన్న ఆటో అతను మా వాకిట్లో కట్టలు దించి వెళ్లాక, తాడు కోసి మొదటి మడత తీశానో లేదో, యాకూబ్ మాస్టర్ నా పక్కన నిలబడి బట్టను వేళ్లతో నలిపి చూస్తున్నట్టే అనిపించింది. పాల్వంచ బస్టాండు దగ్గర ఆయనకు దర్జీ దుకాణం ఉండేది. నాకు కత్తెర పట్టడం నేర్పింది ఆయనే. ఆయన నమాజు ఆయనది, నా ప్రార్థన నాది. అయినా నా విశ్వాసాన్ని సరిదిద్దినవాళ్ల గురించి చెప్పాల్సి వస్తే ముందు ఆయన పేరే చెబుతాను.

పెళ్లయిన కొత్తలో మాది కిరాయి గది. నా భర్త దానియేలు కరెంటు కేంద్రంలో కాంట్రాక్టు కార్మికుడు. నేను మాస్టర్ ఇచ్చే యూనిఫాంలు ఇంట్లో కుట్టి ఇచ్చేదాన్ని. అప్పుడు మా ప్రార్థనా మందిరం వీధిలో మూడు గదుల స్లాబు ఇల్లు అమ్మకానికి వచ్చింది. దానియేలు జీతం ఒక్కటే చూస్తే లోను రాదనీ, నా కుట్టుపని ఆదాయం కూడా కలిపితే రావచ్చనీ బ్యాంకులో చెప్పారు. దానికి ఆఫీసర్ వచ్చి నా పని చూసి వెళ్లాలి. మా సంఘంలో, అడిగినదాన్ని దేవుడు ఇచ్చేశాడని నమ్మి ముందుగానే సాక్ష్యం చెప్పే అలవాటుంది. ఆ ఆదివారం నేను లేచి, దేవుడు మాకు ఈ వీధిలోనే ఇల్లిచ్చాడని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. వెనక వరుసలో ఒకామె గృహప్రవేశ ప్రార్థన ఎప్పుడని కూడా అడిగింది.

"ఒక్క మిషన్ చూసి ఆఫీసర్ ఏమిస్తడే? నాలుగు పెట్టు, నలుగురం కూసుంటం. నాకు కుట్టొస్తదా రాదా ఆయనకేం తెలుస్తది? తొక్కుకుంట కూసుంటే సరిపాయె!" అంది పక్కింటి సారమ్మక్క. నాకు ఆ ఆలోచన నచ్చింది. మాస్టర్ దగ్గరికి వెళ్లి, ఒక్క పూటకు మూడు మిషన్లు ఇమ్మని అడిగాను.

"తీస్కపో బిడ్డా. గాని వాటెంబడి నేనూ వస్త. గివి ఎవరియని ఆఫీసర్ అడిగితే చెప్పేటందుకు ఒకడుండాలె గదా" అన్నారు, కళ్లద్దాల మీదుగా చూస్తూ. దుకాణంలో కాజాలు కుట్టే పెద్దాయన పక్కున నవ్వాడు. నేను ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

ఆఫీసర్ వచ్చి ఉన్న ఒక్క మిషన్ చూశాడు. పని ఇచ్చేదెవరో కనుక్కుని దుకాణానికి బయల్దేరితే నేనూ వెంట వెళ్లాను. "ఈమె సంపాదన ప్రతి నెలా ఇలాగే ఉంటుందా?" అని అడిగాడు. మాస్టర్ టేపు మెడలో వేసుకుని నిదానంగా చెప్పారు. "పని మస్తు సఫాయిగ చేస్తది సార్. బడులు తెరిచే ముందు, పెళ్లిళ్లప్పుడు తీరికే ఉండది. వానకాలం మాత్రం నాకే పని ఉండదు, ఈమెకేడికెంచి తెచ్చియ్యాలె?"

లోను వచ్చింది గానీ అడిగినంత రాలేదు. మందిరం వీధి ఇంటిని వేరేవాళ్లు కొనుక్కున్నారు. నేను దుకాణానికి వెళ్లి నిలబడే జగడమాడాను.

"మంచిగ నడుస్తదని ఒక్క మాటంటే మీ సొమ్మేం పోతుండె మాస్టర్? సంఘంల అందరి ముంగట సాక్ష్యం చెప్పిన. ఇప్పుడు మొకం ఎట్ల చూపియ్యాలె?"

"నా సొమ్మేం పోదు. వానకాలంల కిస్తు కట్టేది నువ్వు, నేను గాదు." మిషన్ ఆపి నా వైపు తిరిగారు. "నీకింకా రాని ఇల్లు వచ్చిందని చెప్పినవ్. నేను నా కండ్లతోని చూసింది చెప్పిన. దాంట్ల కోపమెందుకు? ఏడ్వకు. చాయ్ తాగు."

చాయ్ తాగాను, కోపం మాత్రం తగ్గలేదు. తర్వాతి ఆదివారం లేచి, ఆ ఇల్లు మాకు రాలేదని చెప్పాను. సారమ్మక్క ఒక్కతే గట్టిగా స్తోత్రం అంది, ఎందుకన్నదో ఆమెకే తెలియదు.

వచ్చిన లోనుతో ఊరి చివర ఒక గది స్లాబు, ముందు రేకుల వసారా ఉన్న ఇల్లు కొన్నాం. వానలు పడ్డాయి, పని ఆగిపోయింది. ఒక పొద్దున మాస్టర్ మా వాకిట్లో ఆటో ఆపించారు. "ఊకె కూసున్నవా? జల్దీ మిషన్ ఎక్కియ్." భద్రాచలం దారిలో అడవి పల్లె సంతకు తీసుకెళ్లారు. వాన పడకుండా తాడిపత్రి కట్టి, దాని కింద రెండు మిషన్లు పెట్టాం. గూడేల నుంచి వచ్చినవాళ్లు చిరిగిన చొక్కాలు, సంచులు ఇచ్చి, కుట్టేదాకా అక్కడే కూర్చునేవాళ్లు. మాస్టర్ వాళ్ల భాషలో తడబడుతూ మాట్లాడితే వాళ్లు నవ్వేవాళ్లు, ఆయన ఇంకా ఎక్కువ మాట్లాడేవారు. సాయంత్రం మిషన్లు ఎక్కిస్తుంటే, "నేను ముసలోన్నైన. ఇగ ఈ సంత నీదే" అన్నారు. ఆఫీసర్‌తో ఆ మాట చెప్పినప్పటి నుంచీ నా వానకాలం గురించి ఆయన ఆలోచిస్తూనే ఉన్నారని నాకప్పుడు అర్థమైంది.

తర్వాత ఒక ఏడాది, సరిగ్గా వానల్లోనే, దానియేలు కాంట్రాక్టు ఆగిపోయింది. నెలల తరబడి ఇంట్లోనే ఉన్నాడు. సంత పనితో చిన్న కిస్తు ఎలాగో కట్టుకొచ్చాం. అడిగినంత లోను వచ్చి ఉంటే ఆ ఏడాదే ఇల్లు పోగొట్టుకుని మళ్లీ కిరాయి గదికి పోయేవాళ్లం.

మాస్టర్ ఇప్పుడు లేరు. ఒకప్పుడు నా ప్రార్థన అంతా అడగడమే. మూడు గదులు, స్లాబు, మందిరం వీధి అని దేవుడికి చిరునామాతో సహా చెప్పేదాన్ని. ఇప్పుడు మోకరించినప్పుడు ముందు నా సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. ఈ నెల పని తగ్గిందనీ, దానియేలుకు నడుము నొప్పిగా ఉందనీ, నాకు కోపం ఎక్కువైందనీ చెబుతాను. దేవుడికి తెలియదని కాదు. అదంతా చెప్పేసరికి, అడగాలనుకున్నవాటిలో చాలావరకు అక్కర్లేదనిపిస్తుంది. మిగిలిన ఒకటీ రెండూ భయం లేకుండా అడుగుతాను.